పెరటి గెట్టు జరుగుతోందా? ముందు టేపు, తర్వాతే మాట

పెరడు ఒక్కరోజులో పోదు. మొదట పక్కింటి బర్రెను కట్టేసే గుంజ మన వైపు దిగుతుంది. తర్వాత కట్టెల మోపు, ఆ మోపు తడవకుండా రేకుల షెడ్డు, చివరికి షెడ్డుకు ఇటుక గోడ వస్తాయి. హన్మకొండ కాలనీలోనైనా, పరకాల, నర్సంపేట ఊళ్లలోనైనా వరుస ఇదే. గుంజ దిగిన రోజు గంటలో తేలే పని, గోడ లేచాక ఏళ్ల తరబడి కోర్టు పని అవుతుంది. అలాగని గుంజ కనబడగానే అరుపులకు దిగితే లాభం లేదు. మీ గెట్టు ఎక్కడుందో అంగుళాల్లో చెప్పగలిగిన రోజునే మాట మొదలుపెట్టాలి.

కాగితం ఏం చెబుతోంది

మీ సేల్ డీడ్‌ చివర ఉండే షెడ్యూల్ తీయండి. గజాల సంఖ్య ఒక్కటే చూసి ఊరుకోవద్దు. నాలుగు హద్దులు, ప్రతి వైపు పొడవు, వెనుక అతికించిన ప్లాన్ చూడండి. గజాలకు, హద్దులకు పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులకే బరువిస్తాయి. లింకు డాక్యుమెంట్లలో (అదే జాగా అంతకుముందు చేతులు మారిన దస్తావేజుల్లో) కొలత ఎక్కడైనా మారిందేమో కూడా చూసుకోవాలి. తండ్రి దస్తావేజులో 60 అడుగులున్నది కొడుకు దస్తావేజులో 62 కావడం చాలాచోట్ల కనిపిస్తుంది.

చాలామంది వదిలేసే పని మరొకటి ఉంది. పక్కింటివారి రిజిస్టర్డ్ దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి మీరూ తీసుకోవచ్చు, అది బహిరంగ రికార్డే. ఈసీ (ఆ జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం దొరుకుతాయి. వారి కాగితంలో వెడల్పు 30 అడుగులని ఉండి, నేల మీద 31న్నర ఉంటే, ఆ అడుగున్నర ఎటు నుంచి వచ్చిందన్నదే ఇక మీ ప్రశ్న.

గ్రామకంఠం (ఊరి ఇళ్లకు వదిలిన భూమి) జాగాలకు సాధారణంగా లోపలి సర్వే కొలతలు ఉండవు. అక్కడ దస్తావేజు, పంచాయతీ ఇంటి పన్ను రికార్డు, పాత పునాది ఈ మూడే ఆధారం. కేవలం సాదాబైనామా (రిజిస్టర్ కాని తెల్లకాగితం అమ్మకం) మీద ఉన్న జాగా అయితే, తగాదా పెట్టుకునే ముందు మీ హక్కు సంగతి వకీలుకు చూపించుకోవడం మంచిది.

కొలవడం

30 మీటర్ల స్టీల్ టేపు తీసుకోండి. ఫైబర్ టేపు లాగితే సాగుతుంది, వదిలితే జారుతుంది, రెండూ తప్పు లెక్కే. ఇద్దరు మనుషులు, నాలుగు మేకులు, నైలాన్ దారం, సున్నం ఉంటే చాలు. 30×60 అడుగుల ప్లాటంటే 200 గజాలు. దాని మూలమట్టం (ఎదురెదురు మూలల మధ్య దూరం) ఇటూ అటూ 67 అడుగుల ఒక అంగుళం రావాలి. రెండు మూలమట్టాలు సమానంగా రాకపోతే మూలలు తిన్నగా లేవన్నమాట. అప్పుడు ప్లాటును రెండు త్రికోణాలు చేసి విడివిడిగా లెక్కించాలి.

కొలత ఎక్కడ మొదలుపెడతారన్నదే అసలు విషయం. పక్కింటి గోడ నుంచి మొదలుపెడితే వారి తప్పును మీరే ఒప్పుకున్నట్టు. మీ గోడ నుంచి మొదలుపెడితే మీ తప్పు ఏదైనా ఉంటే అది కప్పబడిపోతుంది. లేఅవుట్ అయితే ఆమోదం పొందిన ప్లాన్ పట్టుకుని, వీధి మూల రాయి నుంచి వరుస మొత్తం కొలవండి. మూల ప్లాటు ఆయన ఒక అడుగు ఎక్కువ తీసుకుంటే ఆ అడుగు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ ఐదో ఇంటి దాకా వస్తుంది. అలాంటప్పుడు మీ పక్కాయన కూడా మీలాగే మోసపోయినవాడే.

మట్టిగోడ, చూరు

పాత వరంగల్ ఇళ్లలో సగం పంచాయితీలు ఇక్కడే పుడతాయి. పాత మట్టిగోడ మందం అడుగున్నర. దాన్ని కూల్చి 9 అంగుళాల ఇటుక గోడ లేపితే 9 అంగుళాల జాగా మిగులుతుంది. 60 అడుగుల పొడవున అది 45 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 5 గజాలు. కొత్త గోడను అవతలి అంచున కడతారా, ఇవతలి అంచునా అన్నదాన్ని బట్టి ఆ 5 గజాలు ఎవరివో తేలిపోతుంది. దస్తావేజులో ‘ఉమ్మడి గోడ’ అని ఉంటే హద్దు గోడ నడిమధ్యన ఉన్నట్టు లెక్క. అందుకే గోడ కూల్చే రోజున ఆ పక్కనే ఉండండి. పునాది రాళ్లు తీయకముందే టేపు పెట్టి ఫొటోలు దించండి. అప్పటికే కూల్చేసి ఉంటే, మీ వైపు జాగాలో అడుగు, అడుగున్నర లోతు తవ్వి చూడండి, పాత పునాది చాలాసార్లు దొరుకుతుంది. దొరికితే కదిలించకుండా మళ్లీ మట్టి కప్పాలి. రేపు కోర్టు జాగా చూసి రమ్మని పంపే కమిషనర్‌కు చూపించాల్సింది అదే.

పెంకుటిళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. చూరు నీళ్లు తమ జాగాలోనే పడేలా గోడను రెండడుగులు లోపలికి కట్టుకున్న పెద్దలు ఎందరో ఉన్నారు. ఆ రెండడుగుల్లో మీరు గోరింటాకు, కరివేపాకు పెంచుకున్నంత మాత్రాన అది మీ జాగా కాదు. తగాదాకు ముందే ఇది చూసుకోండి. అటువైపు నుంచి చూసినా అంతే. వారి చూరు నీళ్లు మీ పెరట్లో ఇరవై ఏళ్లు అడ్డూ అదుపూ లేకుండా పడితే నీళ్లు పడే హక్కు మాత్రమే రావచ్చు, జాగా మీద యాజమాన్యం రాదు.

సర్వేయర్‌ను పిలిపించడం

సర్వే నంబరు హద్దు తేల్చాలంటే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాలి. మండల సర్వేయర్ చుట్టుపక్కల వారికి నోటీసులిచ్చి కొలుస్తారు. కొలిచే రోజు ఇద్దరు పెద్దమనుషులను నిలబెట్టుకోండి. పంచనామాలో అడుగులు, అంగుళాలు రాసిన తర్వాతే సంతకం చేయండి. ఒప్పుకోని సంగతి ఉంటే అదే కాగితం మీద రాయించండి. ఒక చిక్కేమిటంటే, సర్వే నంబరు లోపల ఉన్న చిన్న ప్లాట్ల గీతలు సర్వే రికార్డులో ఉండవు. అక్కడ లేఅవుట్ ప్లాన్, లైసెన్స్ ఉన్న సర్వేయర్ కావాలి. ఆయనను మీరొక్కరే పిలిపిస్తే అవతలివారు రిపోర్టును చించేస్తారు. కాబట్టి ముందే అడగండి: ‘అన్నా, గెట్టు ఒకసారి కొలిపిద్దాం, ఖర్చు చెరిసగం పెట్టుకుందాం. ఎటు వచ్చినా ఇద్దరం ఒప్పుకుందాం.’ నిజాయితీగా పొరబడినవారు దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి సంగతి ఆ రోజే తెలిసిపోతుంది.

మాటతో పోనప్పుడు

కాగితం రాయండి. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు, కొలత ఒక్కటి చాలు: ‘మా దస్తావేజు ప్రకారం మా ఉత్తరపు హద్దు ఫలానా రాయి వరకు ఉంది. మీరు ఫలానా తేదీన వేసిన రేకుల షెడ్డు 60 అడుగుల పొడవున ఒక అడుగు మా జాగాలోకి వచ్చింది. పదిహేను రోజుల్లో తీయగలరు. ఇది మా అనుమతితో వేసినది కాదు.’ స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి పంపి, రశీదు దాచుకోండి. ఆ చివరి వాక్యం చిన్నదే కానీ దాన్ని వదిలేయొద్దు, లేకపోతే మీరే ఒప్పుకున్నారని రేపు వారు అనవచ్చు. ఒకవేళ వారిని కొన్నాళ్లు వాడుకోనివ్వాలని మీకే ఉంటే, ‘మీ అనుమతితో వాడుకుంటున్నాం, అడిగిన రోజు ఖాళీ చేస్తాం’ అని రాయించుకుని సంతకం తీసుకోండి. అనుమతితో ఉన్న వాడకం ఎన్నేళ్లు సాగినా హక్కుగా మారదు.

గడువులు రెండున్నాయి. మిమ్మల్ని జాగా నుంచి బలవంతంగా తప్పిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లో దావా వేయాలి. అందులో యాజమాన్యం రుజువు అక్కర్లేదు, స్వాధీనం మీ దగ్గర ఉండేదని చూపితే చాలు. రెండోది పన్నెండేళ్లు. అవతలివారు మీ హక్కును కాదంటూ అందరికీ తెలిసేలా పన్నెండేళ్లు అనుభవిస్తే మీ హక్కే పోవచ్చు. 2019లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, అలా అనుభవించినవారు తామే దావా వేయవచ్చని కూడా చెప్పింది.

పోలీసులు చాలాసార్లు సివిల్ తగాదా అని పంపేస్తారు, గెట్టు విషయంలో అది తప్పేమీ కాదు. చెట్లు నరకడం, కంచె పీకడం, లోపలికి వచ్చి బెదిరించడం జరిగితే మాత్రం ఫిర్యాదు ఇవ్వండి. అక్రమ ప్రవేశానికి భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ ఉంది. అనుమతి లేకుండా, సెట్‌బ్యాక్ (గోడకు, హద్దుకు మధ్య వదలాల్సిన ఖాళీ) వదలకుండా కడుతుంటే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌కు రాయండి. వారు ఆ కట్టడాన్ని ఆపగలరు కానీ జాగా ఎవరిదో తేల్చరు.

దావా కంటే ముందు లోక్ అదాలత్ దారి ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే ఇద్దరినీ పిలుస్తారు. రాజీ కుదిరితే వచ్చే అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

దావాకే వెళ్తే ఏం అడగాలన్నది చాలా ముఖ్యం. దీనికి మన వరంగల్ మట్టెవాడలోని రెండు ఖాళీ జాగాల కేసే దేశమంతటికీ పాఠమైంది. 1970లలో ఉత్త ఇంజంక్షన్ (జాగా జోలికి రావద్దనే కోర్టు ఉత్తర్వు) కోసం వేసిన ఆ దావా 2008లో సుప్రీంకోర్టులో ముగిసింది. హక్కు మీదే మబ్బు కమ్మినప్పుడు ఇంజంక్షన్ ఒక్కటి అడిగితే చాలదని, యాజమాన్య ప్రకటన కూడా అడగాలని కోర్టు తేల్చింది. జాగా అప్పటికే అవతలివారి చేతికి వెళ్లి ఉంటే స్వాధీనం కూడా అడగాలి. కాబట్టి మీ వకీలు ‘ఇంజంక్షన్ వేసేద్దాం’ అంటే ఈ సంగతి అడగండి. అడ్వకేట్ కమిషనర్‌ను సర్వేయర్‌తో పంపమని దరఖాస్తు కూడా పెట్టించండి. ఆలస్యం మాత్రం చేయొద్దు. స్లాబ్ పడేదాకా చూస్తూ ఊరుకుంటే గోడ తీయించే బదులు నష్టపరిహారంతో సరిపెట్టే అవకాశం ఉంది.

ఆధారాలకు ఫోన్ ఫొటోలు పనికొస్తాయి. అయితే అసలు ఫోన్‌ను అమ్మేయకుండా ఉంచాలి, కోర్టుకు ఇచ్చేటప్పుడు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి. గూగుల్ ఎర్త్ పాత చిత్రాలు అడుగు తేడాను పట్టివ్వవు కానీ షెడ్డు ఏ సంవత్సరంలో వచ్చిందో చూపిస్తాయి.

కొమ్మలు మాత్రమే వస్తే

పక్కింటి మామిడి కొమ్మ మీ పెరట్లోకి వాలితే, ముందు చెప్పి, మీ వైపు నిలబడి గెట్టు దాకా కొట్టుకోవచ్చు. కాయలు మాత్రం చెట్టు ఉన్నవారివే. మొదలు జోలికి పోవద్దు, చెట్టు నరకాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు. వేర్లు మీ పునాదికి తగులుతుంటే గెట్టు పక్కన మీ జాగాలోనే కందకం తీసి కోయండి, కానీ చెట్టు ఒరిగి వారి ఇంటి మీద పడేలా కాదు.

తగాదా తేలాక రాయి పాతడం

ఎర్ర చెల్కలో రెండడుగుల లోతు చాలు. నల్లరేగడిలో అంత చాలదు. ఎండాకాలం పగిలి, వానాకాలం ఉబ్బి రాతి కడీలను ఏటా ఒక వైపుకు నెడుతుంది, మూడేళ్లకు మళ్లీ గెట్టు పంచాయితీ. అక్కడ మూడడుగుల గుంట తీసి, అడుగున కంకర పోసి, చుట్టూ కాంక్రీటు వేయండి. కడీ ముఖం మీద ఉలితో గాటు కొట్టించండి, గెట్టు ఆ గాటు మీదుగా పోతుంది. దూరాలు రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొక కాపీ ఉంచుకోండి.