కరిగిన తుక్కు అల్యూమినియం నుంచి మెగ్నీషియాన్ని తొలగించడం ఎలా?

తుక్కు అల్యూమినియాన్ని కరిగించి పోత లోహంగా మార్చేటప్పుడు మెగ్నీషియం హద్దు దాటిందని తెలియగానే ఫ్లక్స్ (మెగ్నీషియాన్ని లాగేసే లవణాల పొడి) సంచి విప్పడం సరైన పద్ధతి కాదు. లోహంలో ఎంత మెగ్నీషియం ఉంది, అది ఎంతకు తగ్గాలి, ఆ తేడా ఎన్ని కిలోలు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే కొలిమి దగ్గరకు వెళ్లాలి. మెగ్నీషియం ఎంత తగ్గితే మిగిలినదాన్ని తీయడం అంత కష్టమవుతుంది కనుక, అవసరానికి మించి తీయబోవడం ఫ్లక్స్‌నూ లోహాన్నీ కలిపి పారబోయడమే అవుతుంది.

ఈ మెగ్నీషియం ఎక్కువగా రేకు, డబ్బా, తలుపుల ఫ్రేముల తుక్కు నుంచి వస్తుంది. పానీయాల డబ్బా మూతకు వాడే 5182 మిశ్రమలోహంలో 4 నుంచి 5 శాతం, తలుపులకూ కిటికీలకూ వాడే 6063లో 0.45 నుంచి 0.9 శాతం మెగ్నీషియం ఉంటుంది. డై కాస్టింగ్‌కు (లోహపు అచ్చుల్లోకి ఒత్తిడితో పోత పోయడానికి) వాడే 380 మిశ్రమలోహంలో అది 0.10 శాతానికి, ఏడీసీ 12లో 0.3 శాతానికి మించకూడదు. సిలికాన్ ఎక్కువగా ఉన్న ఈ లోహాల్లో అదనపు మెగ్నీషియం సిలికాన్‌తో కలిసి మెగ్నీషియం సిలిసైడ్‌గా ఏర్పడుతుంది. దానివల్ల పోత గట్టిపడినా సాగే గుణం తగ్గి పెళుసుగా తయారవుతుంది.

అందువల్ల మొదటి పని తుక్కును వేరు చేయడమే. మూతలు, రేకులు ఒక కుప్పగా, ఇంజిన్ భాగాల వంటి పాత పోతలు మరో కుప్పగా ఉంటే, కొలిమిలో తుక్కు వేసేటప్పుడే రెండింటినీ తగిన పాళ్లలో కలిపి మెగ్నీషియాన్ని హద్దులో ఉంచవచ్చు. ఇలా పలుచన చేయడానికి రసాయనం అక్కర్లేదు, పొగ రాదు, లోహం నష్టం కాదు. వీలున్నంత వరకు దీనితోనే సరిపెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. మెగ్నీషియం అవసరమైన మరో మిశ్రమలోహానికి ఆ తుక్కును మళ్లించడం కూడా మంచి దారే. అయితే ఏ356 వంటివాటికి మెగ్నీషియం కావలసినా ఇనుము 0.20 శాతం దాటకూడదు కనుక, కలగాపులగం తుక్కుకు ఆ దారి సాధారణంగా మూసుకుపోతుంది.

తొలగించక తప్పదనుకున్నప్పుడు లోహమంతా కరిగాక, పైన తేలిన డ్రాస్‌ను (మడ్డిని) తీసి, అడుగు వరకు బాగా కలియబెట్టి, ఏ మూలకం ఎంత ఉందో చూపే స్పెక్ట్రోమీటర్ పరీక్షకు నమూనా తీయాలి. కలపకుండా పైపైన తీసిన నమూనా తప్పు అంకె చూపిస్తుంది, ఆ తప్పు తర్వాతి లెక్కలన్నింటిలోనూ కొనసాగుతుంది. ఉదాహరణకు 1,000 కిలోల లోహంలో మెగ్నీషియాన్ని 0.50 నుంచి 0.10 శాతానికి తగ్గించాలంటే 4 కిలోలు తీయాలి. ఒక కిలో మెగ్నీషియానికి రసాయన సమీకరణం ప్రకారం అల్యూమినియం ఫ్లోరైడ్ అయితే సుమారు 2.3 కిలోలు, పొటాషియం అల్యూమినియం ఫ్లోరైడ్ అయితే 3.9 కిలోలు, క్రయోలైట్ (సోడియం అల్యూమినియం ఫ్లోరైడ్) అయితే 5.8 కిలోలు, క్లోరిన్ వాయువు అయితే 2.9 కిలోలు కావాలి. అంటే పై ఉదాహరణలో పొటాషియం అల్యూమినియం ఫ్లోరైడ్ కనీసం 15.6 కిలోలు పడుతుంది. వేసినదంతా చర్యలో పాల్గొనదు కనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఎంత ఎక్కువ అన్నది మీ కొలిమే చెప్పాలి. పై ఉదాహరణలోనే 20 కిలోలు వేస్తే మెగ్నీషియం 0.22 శాతానికి దిగిందనుకుందాం. పోయినది 2.8 కిలోలు, దానికి లెక్క ప్రకారం సరిపోయేది 10.9 కిలోలు, కనుక సామర్థ్యం సుమారు 55 శాతం. ప్రతి హీట్‌కూ (ఒక్కో విడత కరిగింపుకూ) ఈ అంకెను రాసిపెట్టుకుంటే కొద్దికాలంలోనే మీ కొలిమికి, మీ కలిపే పద్ధతికి తగిన మోతాదు తేలుతుంది. తర్వాతి విడతలో మెగ్నీషియం ఇంకా పలుచగా ఉంటుంది కనుక సామర్థ్యం పడిపోతుందని ముందే అనుకోవాలి.

ఫ్లోరైడ్ ఫ్లక్స్‌తో పని చేసేటప్పుడు లోహాన్ని సాధారణంగా 740 నుంచి 780 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. తయారీదారు వేరే వేడి సూచిస్తే దాన్నే పాటించాలి. ఫ్లక్స్‌ను పూర్తిగా ఆరబెట్టాలి, గరిటెలను, ఫ్లక్స్‌ను లోహంలోకి అణచే గంట ఆకారపు పనిముట్లను ముందుగా వేడి చేయాలి, ఎందుకంటే కరిగిన అల్యూమినియం కిందికి తేమ చేరితే పేలుడు సంభవిస్తుంది. మొత్తం ఫ్లక్స్‌ను ఒకేసారి గుమ్మరించకుండా రెండు మూడు విడతలుగా వేసి, ప్రతి విడతనూ లోహంలోకి అణచి కలపాలి. పైన పొడిగా పరుచుకుని ఉన్న ఫ్లక్స్ దాదాపు ఏ పనీ చేయదు, చర్య జరిగేది లోహమూ ఫ్లక్సూ తాకే చోటనే. తిరిగే గ్రాఫైట్ గొట్టం ద్వారా నైట్రోజన్‌తో పాటు ఫ్లక్స్‌ను లోపలికి పంపే యంత్రం ఉంటే ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది.

కలుపుతున్నప్పుడు పైపొరను గమనించండి. మొదట కరిగి పలుచగా జారే ఫ్లక్స్, మెగ్నీషియం ఫ్లోరైడ్ చేరేకొద్దీ ముద్దగా మారి గరిటెకు అడ్డం పడుతుంది. ఆ ఫ్లోరైడ్ 1,260 డిగ్రీల దగ్గర గాని కరగదు కనుక ఇది సహజమే. పొర అలా బిగుసుకున్నాక మరింత కలియబెట్టడం కన్నా, దాన్ని తీసేసి, నమూనా పరీక్షించి, కొత్త విడత వేయడం మేలు. క్రయోలైట్ వాడితే లోహంలోకి కొంత సోడియం చేరుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

క్లోరిన్ పద్ధతి పెద్ద కర్మాగారాల పని. లోహం అడుగున విడుదలైన వాయువు ముందు అల్యూమినియం క్లోరైడ్‌గా మారి, అది మెగ్నీషియంతో చర్య జరిపి, 714 డిగ్రీల దగ్గర కరిగే మెగ్నీషియం క్లోరైడ్‌ను పైకి తేలుస్తుంది. ఉపరితలం నుంచి దట్టమైన తెల్లని పొగ లేచిందంటే క్లోరిన్ మెగ్నీషియాన్ని వదిలి అల్యూమినియాన్ని తినేస్తోందని అర్థం, వెంటనే ప్రవాహాన్ని తగ్గించాలి. మూసిన వ్యవస్థ, వాయువును కడిగే క్షార స్క్రబ్బర్, లీకేజీ హెచ్చరిక పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది లేనిచోట ఈ వాయువును వాడకూడదు. ఈ విషయంలో మినహాయింపు ఉండదు. ఫ్లోరైడ్ ఫ్లక్స్ నుంచి కూడా హానికరమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడవచ్చు, కనుక పొగను లాగే ఏర్పాటు, ఆమ్ల వాయువులకు తగిన మాస్కు, ముఖకవచం అక్కడా తప్పనిసరి.

ఒట్టి నైట్రోజన్ లేదా ఆర్గాన్ ఊదితే మెగ్నీషియం పోతుందన్న అపోహ కొందరిలో ఉంది. ఆ వాయువులు కరిగిన హైడ్రోజన్‌ను, తేలియాడే మలినాలను తొలగిస్తాయి గాని మెగ్నీషియాన్ని కదిలించవు. వాటిని వాడవలసింది ఈ పని ముగిశాక, మిగిలిన ఫ్లక్స్ తునకలు పైకి తేలడానికి. సిలికాన్ రేణువులను సన్నగా మార్చడానికి స్ట్రాన్షియం కలిపే మిశ్రమలోహమైతే దాన్ని కూడా చివరనే కలపాలి, ఎందుకంటే క్లోరిన్, ఫ్లోరైడ్ రెండూ స్ట్రాన్షియాన్ని కూడా లాగేస్తాయి. లోహాన్ని కొంతసేపు కదపకుండా ఉంచి, పైపొర తీసి, చివరి నమూనా హద్దులో ఉందని చూశాకే పోత పోయాలి.

తీసిన మడ్డిని పొడి చోట, కప్పు కింద, గాలి ఆడేలా నిల్వ చేయాలి. తడిస్తే అందులోని అల్యూమినియం నుంచి మండే హైడ్రోజన్, నైట్రైడ్ నుంచి ఘాటైన అమ్మోనియా వెలువడతాయి. కనుక వేడిగా ఉందని దానిపై నీళ్లు చల్లకూడదు, మామూలు చెత్తతో కలిపి పారేయకూడదు. ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే అధీకృత కేంద్రానికే పంపాలి.