పునరుద్ధరించిన పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారును అమ్మే విధానం

పాత ఆల్ఫా రోమియోనో, లాన్సియానో, ఫెరారీనో పూర్తిగా విప్పించి, తుప్పు తీయించి, ఇంజిన్ బోరు పని చేయించి, రంగు వేయించి మళ్ళీ రోడ్డెక్కించినవారు దానిని అమ్మదలచినప్పుడు సాధారణంగా ఒకే లెక్క వేస్తారు: కారు కొన్న ధరకు దానిమీద పెట్టిన ఖర్చు కలిపి, ఆపైన కొంత లాభం చేరుస్తారు. కొనడానికి వచ్చేవారికి ఈ లెక్కతో పనిలేదు. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలో ఎంతవరకు మిగిలి ఉంది, మీరు చేయించానంటున్న పనికి ఏ రుజువు చూపగలరు అనే రెండు సంగతులను బట్టే వారు ధర కడతారు. అందువల్ల ప్రకటన రాయడానికి చాలాముందే, వీలైతే కొన్ని నెలల ముందే, ఈ రెండింటినీ తేల్చుకోవాలి.

నంబర్లు, పుట్టుక

మొదట ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును దగ్గరగా, పక్క వెలుతురులో ఫొటో తీసి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవాటితో ఒక్కొక్క అక్షరం పోల్చి చూడండి. రంగు వేసినప్పుడు రేకుమీది అచ్చు అంకెలు పూడుకుపోవడం తరచుగా జరుగుతుంది. అలాంటప్పుడు వాటిని ఎమెరీ కాగితంతో రుద్దకూడదు. రుద్దిన గీతలు కనిపిస్తే అంకెలను చెరిపి మళ్ళీ కొట్టారన్న అనుమానం పుడుతుంది, ఆ అనుమానాన్ని ఆ తరువాత ఏ మాటా పోగొట్టలేదు. రంగు కరిగించే ద్రవాన్ని మెత్తని కుంచెతో రాసి, ఓపికగా తుడవడమే సరైన పద్ధతి.

తరువాత తయారీ సంస్థ దగ్గర ఉన్న పాత రికార్డుల నుంచి ధ్రువపత్రం తెప్పించుకోవాలి. ఫెరారీకి ఫెరారీ క్లాసికే, లాంబోర్గినీకి 2015లో ఏర్పడిన పోలో స్టోరికో అనే విభాగాలు ఈ పని చూస్తాయి. ఆల్ఫా రోమియో రికార్డులు మిలాన్ సమీపంలోని అరేసేలో భద్రంగా ఉన్నాయి. ఆల్ఫా ఇచ్చే పత్రంలో కారు తయారైన తేదీ, అమ్ముడైన చోటు, మొదటి రంగు వంటి వివరాలు ఉంటాయి. ఫెరారీ క్లాసికే ధ్రువీకరణ ఇంతకంటే లోతైనది. ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ అన్నింటినీ ఫ్యాక్టరీ రికార్డులతో పోల్చిన తరువాతే దానిని ఇస్తారు. ఇలాంటి పత్రాలు చేతికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి కనుక, కొనేవారు అడిగాక దరఖాస్తు పెడితే బేరం చల్లారిపోతుంది.

కారు ఇటలీలో నడిచినదైతే, 1927 నుంచి అక్కడ అమలులో ఉన్న ప్రభుత్వ వాహన రిజిస్టరు నుంచి యజమానుల వరుస తెలిపే పత్రాన్ని తెప్పించవచ్చు. 1966లో స్థాపించిన పాత వాహనాల సంఘం ఆటోమోటోక్లబ్ స్టోరికో ఇటాలియానో ఇచ్చే గుర్తింపు పత్రం ఉంటే అదీ ఫైలులో చేరాలి.

ఈ పత్రాలు వచ్చాక మీకు నచ్చని నిజం బయటపడవచ్చు. కారు పుట్టినప్పుడు బూడిద రంగుది, ఇప్పుడు ఎర్రది కావచ్చు. ఒకప్పుడు త్వరగా అమ్ముడుపోతాయన్న ఆశతో ఎన్నో ఇటాలియన్ కార్లకు ఎరుపు వేసేశారు, ఇప్పుడు పుట్టుక రంగు కోసం వెతికేవారి ముందు అదే లోటుగా నిలుస్తోంది. దానికోసం మళ్ళీ రంగు మార్పించమని నేను చెప్పను. పత్రంలో ఉన్న రంగు ఏమిటో, ఇప్పుడున్నది ఏమిటో రెండూ చెబితే చాలు. ఇంజిన్ మారి ఉంటే మాత్రం ధరమీద ప్రభావం పెద్దదే, దానిని మొదటి పలుకులోనే చెప్పాలి.

నమూనా పేరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1965లో వచ్చిన ఆల్ఫా జీటీఏకు అల్యూమినియం పలకలు, సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు ఉండేవి. మామూలు జీటీని తీసుకుని జీటీఏలా తయారుచేసిన నకళ్ళు ఎన్నో ఉన్నాయి, అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదు కనుక, కొనేవారు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపుకు ఆనించగానే సంగతి తేలిపోతుంది. మీది నకలైతే నకలనే రాయండి. బాగా చేసిన నకలుకు కూడా కొనేవారు ఉంటారు. 1969 నుంచి 1974 వరకు తయారైన డీనో 246 ఫెరారీ సంస్థదే అయినా, ఫ్యాక్టరీలో దానికి ఫెరారీ చిహ్నమైన గుర్రం గుర్తు తగిలించలేదు. పాత యజమాని ఎవరైనా ముచ్చటపడి ఆ గుర్తు అతికించి ఉంటే, ఫొటోలు తీయకముందే తీసేయడం మంచిది. తెలిసినవారి కళ్ళు ముందు పడేది దానిమీదే.

పని జరిగిందనడానికి ఫైలు

పునరుద్ధరణ ఫైలు సరిగ్గా ఉంటే కారును సగం అమ్మినట్టే. అందులో తేదీల వరుసలో ఫొటోలు ఉండాలి: కారు వచ్చిన స్థితి, రంగు గీకేసి వట్టి రేకు తేలిన దశ, తుప్పు పట్టిన ముక్క కోసేసిన చోటు, కొత్త ముక్క వెల్డింగ్ చేసినది, ఆపైన ప్రైమర్, చివరికి రంగు. అన్నింటికంటే విలువైనవి కోసేసిన చోటి ఫొటోలే. తలుపుల కింద సాగే సిల్స్, స్టెప్నీ గుంట, ముందు అద్దం కింది రేకు, సస్పెన్షన్ బిగించే చోట్లు ఈ కార్లలో తుప్పుకు నిలయాలని కొనేవారికి తెలుసు కనుక, వారు నేరుగా ఆ పేజీలకే వెళతారు.

మిలాన్‌లో కార్ల బాడీలు కట్టే టూరింగ్ సంస్థ సూపర్‌లెజ్జేరా పద్ధతిలో నిర్మించిన మసెరాటి 3500 జీటీ, లాంబోర్గినీ 350 జీటీ వంటివైతే ఇంకొక ప్రశ్న వస్తుంది. వాటిలో సన్నని ఉక్కు గొట్టాల చట్రంమీద అల్యూమినియం పలకలు తొడుగుతారు. రెండు లోహాలు ఆనుకున్న చోట తేమ చేరితే రసాయన చర్య జరిగి లోహం తినుకుపోతుంది. పలకలు విప్పి గొట్టాలను చూశారా, లేక పైపైన రంగు వేశారా అన్నదానికి ఫొటోయే జవాబు.

బిల్లులు పనివారీగా విడదీసి పెట్టండి. ఇంజిన్ బిల్లులో పిస్టన్ల కొలత, క్రాంక్‌షాఫ్ట్‌ను ఎంత గ్రైండింగ్ చేసిందీ ఉండాలి. ‘ఇంజిన్ పూర్తిగా బాగుచేయబడింది’ అనే ఒక్క వాక్యానికి విలువ లేదు. మొత్తం ఖర్చు ఎంతైందో కూడి చూపవలసిన అవసరం మాత్రం లేదు. ఆ అంకె బేరంలో మీకు ఉపయోగపడదు.

మార్చి పక్కన పెట్టిన అసలు భాగాలు ఏవైనా ఉంటే పారేయకుండా జాబితా రాయండి. అమెరికాకు వెళ్ళిన ఆల్ఫాలకు 1969 నుంచి స్పీకా మెకానికల్ ఇంజెక్షన్ (పంపుతో ఇంజిన్‌కు పెట్రోలు చిమ్మే ఏర్పాటు) ఉండేది. దానిని సర్దుబాటు చేయగలవారు అరుదు కావడంతో చాలామంది తీసేసి వెబర్ కార్బొరేటర్లు బిగించారు. అలా తీసేసిన స్పీకా పంపు ఒక పెట్టెలో భద్రంగా ఉంటే అది కారుతోపాటే వెళ్ళాలి. పనిముట్ల సంచి, జాకీ, యజమాని పుస్తకం, దాని తోలు సంచి కూడా అంతే. ఫెరారీ పనిముట్ల సంచి విడిగానే పెద్ద ధర పలుకుతుంది.

కారును నడిపి సిద్ధం చేయడం

పని ముగిసిన వెంటనే అమ్మకానికి పెట్టిన కారును అనుభవజ్ఞులు కొంత అనుమానంగానే చూస్తారు. అన్నీ విప్పి బిగించిన యంత్రం కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గానీ తన లోపాలు చెప్పదు: ఎక్కడో నూనె చెమ్మ, వైరింగ్‌లో సరిగా తగలని ఎర్త్, ట్రాఫిక్‌లో పైకెక్కే వేడి, వంకరగా లాగే బ్రేకు. వీటిని మీరే నడిపి, మీరే తీర్చి, ఆ బిల్లులను కూడా ఫైలులో చేర్చండి.

సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తుందో కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించి, సిలిండరు వారీగా అంకెలు రాయించుకోండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఫెరారీ 308, ఫియట్ 124 స్పైడర్ వంటి వాటిలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పేది బెల్టు. అది తెగితే ఇంజిన్ పాడవవచ్చు కనుక ఎప్పుడు మార్చారో తేదీతో చూపాలి. టైరు పక్కగోడమీద చివరి 4 అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. గీతలు అరగకపోయినా పదేళ్ళు దాటిన టైర్లను కొనేవారు ఖర్చు కిందే లెక్కిస్తారు.

ధర, అమ్మే చోటు

ప్రకటనల్లో అడుగుతున్న ధరలను పక్కన పెట్టి, అమ్మకం పూర్తయిన ధరలను మాత్రమే చూడండి. వేలం ఫలితాల్లో చాలాసార్లు కొనేవారు అదనంగా చెల్లించిన కమీషన్ కూడా కలిసి ఉంటుంది, అమ్మినవారి చేతికి అంత రాదు. ఒకే పేరుగల నమూనాలో కూడా తేడాలుంటాయి. 1975లో వచ్చిన ఫెరారీ 308 జీటీబీకి మొదట ఫైబర్‌గ్లాస్ బాడీ ఉండేది, 1977 ప్రాంతంలో ఉక్కుకు మారారు. మొదటివి తక్కువ కనుక వాటి ధర వేరు. పునరుద్ధరణకు పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుందని ఆశించకండి. 2015లో పారిస్‌లో జరిగిన బైయోం సేకరణ వేలంలో, దుమ్ము కూడా తుడవని ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌కు 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది. అది అరుదైన కారే, అయినా చెయ్యి పడని స్థితికి కొనేవారు ఎంత విలువ ఇస్తారో దానివల్ల తెలుస్తుంది.

ఆ మార్కు అభిమానుల క్లబ్బులో చెప్పి అమ్మడం ఖర్చు లేని మార్గం, మొదట దానినే ప్రయత్నించాలని నా అభిప్రాయం. డీలరు దగ్గర కమీషన్‌కు ఉంచితే, అమ్మేవరకు యాజమాన్యం మీదేనని, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఆలోగా బీమా ఎవరిదో కాగితంమీద రాయించుకోవాలి. వేలానికి పంపితే రిజర్వు ధర, అంటే అంతకు తక్కువకు అమ్మని ధర, ముందే నిర్ణయించుకోండి. వేలంలో అమ్ముడుపోని కారు సంగతి అందరికీ తెలిసిపోతుంది, కొన్ని నెలలపాటు దాని ధర కోలుకోదు.

ప్రకటనలో లోపాలకు ఒక పేరా విడిగా కేటాయించండి: గడియారం పనిచేయదు, ఎడమ తలుపు అంచున చిన్న పొక్కు ఉంది, రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. ప్రతి లోపానికీ ఫొటో పెట్టండి. కారు కింది భాగం, డిక్కీ తివాచీ ఎత్తిన చోటు, నంబర్ల పలకలు కనిపించే ఫొటోలు సూర్యాస్తమయం ముందు తీసిన అందమైన ఫొటోలకంటే ఎక్కువ పని చేస్తాయి.

చూపించడం, నడిపించడం

కొనేవారు వచ్చేముందు ఇంజిన్‌ను వేడిచేసి ఉంచకూడదు. తెలిసిన మనిషి రాగానే బానెట్‌మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. చల్లని ఇంజిన్‌ను అతని ఎదుటే స్టార్ట్ చేయండి. వెబర్ కార్బొరేటర్లు ఉన్న కారైతే యాక్సిలరేటర్‌ను మూడు నాలుగుసార్లు నొక్కి, ఆపైన సెల్ఫ్ కొడితే ఒకటి రెండు దగ్గులతో అంటుకుంటుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎంతవరకు లేచిందో, నీలి పొగ వచ్చిందో లేదో అతడు చూసేవరకు మీరు మౌనంగా ఉండడమే మేలు.

మొదటి కొన్ని కిలోమీటర్లు మీరే నడపండి. ఆ కాలపు ఆల్ఫాల్లో రెండో గేరు సింక్రో (గేరు శబ్దం లేకుండా పడేలా చేసే భాగం) బలహీనమన్నది అందరికీ తెలిసిన విషయం. పాత ఫెరారీల యజమానులు కూడా గేర్‌బాక్స్ నూనె వేడెక్కేవరకు ఒకటి నుంచి నేరుగా మూడుకు వేస్తుంటారు. ఆ పద్ధతిని నడుపుతూ వివరిస్తే లోపాన్ని దాచినట్టు కాదు, కొత్త చేతుల్లో గేరు కర్రుమనే బాధా తప్పుతుంది. తరువాత స్టీరింగ్ అతనికి అప్పగించే ముందు లైసెన్సు చూసి, బీమా ఇతరులు నడిపినా వర్తిస్తుందో లేదో నిర్ధారించుకోవాలి.

కొనేవారు సొంత నిపుణుణ్ణి పంపుతామంటే సంతోషంగా ఒప్పుకోండి. అతడు రంగు మందం కొలిచే పరికరం తెస్తాడు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మళ్ళీ వేసిన రంగుకు అంతకు రెట్టింపు వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు కానీ, తలుపు కింది అంచున అంకె 1000 దాటితే లోపల పుట్టీ ఉందన్నమాటే. ఆ పరికరంతో మీరే ముందుగా కొలిచి పెట్టుకోవడం తెలివైన పని.

ఒప్పందం, డబ్బు, అప్పగింత

ఒప్పంద పత్రంలో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, ఓడోమీటర్ అంకె, చెప్పిన లోపాలు, కారుతో వెళ్ళే భాగాల జాబితా, ఉన్న స్థితిలోనే అమ్ముతున్నామన్న షరతు ఉండాలి. బయానా తీసుకుంటే ఏ సందర్భంలో తిరిగి ఇస్తారో, ఇవ్వరో కూడా రాయండి. ఓడోమీటర్ మార్చి ఉంటే, మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియదని రాయడమే సరి.

డబ్బు బ్యాంకు బదిలీ ద్వారా మీ ఖాతాలో జమ అయిందని మీ బ్యాంకే నిర్ధారించేవరకు కారును గానీ యాజమాన్య పత్రాన్ని గానీ వదలకండి. ఒప్పుకున్నదానికంటే ఎక్కువ పంపి, మిగిలినది రవాణాదారుకు ఇవ్వమనేవారు మోసగాళ్ళే. ఖాతా వివరాలు మారాయంటూ మధ్యలో నకిలీ ఈమెయిలు రావడం కూడా పాత ఎత్తే, అందుకే ఖాతా నంబరును ఫోనులో చదివి సరిచూసుకోమని కొనేవారికి ముందే చెప్పండి.

కారు దేశం దాటితే నిబంధనలు వయసును బట్టి మారతాయి. అమెరికాలో 25 ఏళ్ళు నిండిన వాహనాలకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంటుంది. ఇటలీ నుంచి పంపేటప్పుడు 75 ఏళ్ళు దాటినదైతే సాంస్కృతిక వారసత్వ చట్టం కిందికి వస్తుంది కనుక ఎగుమతికి ముందే అనుమతుల సంగతి చూసుకోవాలి. రవాణాకు పైకప్పు ఉన్న ట్రక్కే మేలు. ట్యాంకులో కొద్దిపాటి పెట్రోలు ఉంచి, ఎక్కించేటప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ట్రక్కు డ్రైవరుతో సంతకం చేయించుకోండి. చేరాక బయటపడే గీతకు ఎవరు బాధ్యులో ఆ కాగితమే తేలుస్తుంది. యాజమాన్య మార్పును రిజిస్ట్రేషన్ కార్యాలయానికి తెలియజేసిన రసీదు చేతికి వచ్చాకే బీమా రద్దు చేయించండి. ఫైలు అసలు ప్రతి కారుతో వెళుతుంది కనుక, దాని స్కాన్ ప్రతిని, సంతకాలున్న ఒప్పంద పత్రాన్ని మీ దగ్గర ఉంచుకోండి.