సంపాదకీయం అరుస్తోందా? మేం సరిచేసిన తీరు

సమస్య: మొదటి పేజీ బ్యానర్‌కు వాడే రామభద్ర ఫాంటే సంపాదకీయం శీర్షికకూ పెట్టాం. రామభద్ర పోస్టర్లకు, పెద్ద సైజు శీర్షికలకు పనికొచ్చే బరువైన అక్షరం. దాంతో ‘రాష్ట్ర బడ్జెట్‌పై పునరాలోచన’ అన్న మాట కూడా క్రైమ్ వార్తలా కేక పెట్టింది. వాక్యం నెమ్మదిగా ఉన్నా అక్షరం కోపంగా ఉంటే పాఠకుడికి కోపమే వినిపిస్తుంది.

శీర్షికను నోటో సెరిఫ్ తెలుగు సెమీబోల్డ్‌కు మార్చి, 44 పాయింట్ల నుంచి 30కి దించాం. లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) 42. ఇంగ్లిష్ అలవాటుతో 32 ఇస్తే పై వరుసలోని ‘ష్ట్ర’ వత్తులు కింది వరుస గుడి దీర్ఘాల మీద కూర్చుంటాయి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా; చోటు చాలకపోతే అక్షరాలు నొక్కకండి, శీర్షిక తిరగరాయండి.

బాడీకి, అంటే వ్యాసం పాఠానికి, మండలి ఫాంటు: సైజు 11, లీడింగ్ 16.5. సన్నటి కాలమ్‌లో జస్టిఫై చేస్తే (రెండంచులూ సమం చేస్తే) మన పొడవాటి మాటల మధ్య గుంతలు పడతాయి కాబట్టి ఎడమ అలైన్‌మెంట్. వార్తల పేజీకి, అభిప్రాయం పేజీకి తేడా ఆ ఒక్క మార్పుతోనే సగం తెలిసిపోయింది.

వత్తులు విడివిడిగా పడితే ఫాంటును తిట్టకండి: పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ స్టైల్, జస్టిఫికేషన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి.

లేజర్ ప్రింటు చూసి మాత్రం ఓకే చేయొద్దు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుంది. బరువైన ఫాంటులో ధ, భ కింది గీతలు అక్షరానికి అంటుకుని ద, బలా కనిపిస్తాయి.