హౌసా, టెక్నోనా, ట్రాన్సా? డ్యాన్స్ ట్రాక్ రకాన్ని చెవితో పట్టే పద్ధతి

కర్నూలు, కడప, అనంతపురంలో డీజే బాక్సులు నడిపేవాళ్ల పెన్‌డ్రైవ్ తెరిస్తే రోడ్‌షో మిక్స్, తీన్‌మార్ మిక్స్, చత్తాల్ బ్యాండ్ అని దేని ఫోల్డర్ దానికి ఉంటుంది. బయటి దేశాల ట్రాక్‌లు మాత్రం అన్నీ కలిపి 'ఈడీఎం' (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) అనే ఒకే ఫోల్డర్‌లో పడి ఉంటాయి. కాలేజీ ఫెస్ట్‌లో ఒక పిల్లోడు వచ్చి "అన్నా, సైట్రాన్స్ ఎయ్యి" అంటే వెతుక్కోవాల్సి వస్తుంది. తప్పెట ఏదో ఉరుము ఏదో దూరం నుంచే చెప్పగల చెవులకు ఈ తేడాలు పట్టడం కష్టమేమీ కాదు. ఎక్కడ వినాలో తెలియాలి.

రాగాన్నీ గొంతునూ పక్కన పెట్టండి. రకాన్ని తేల్చేవి మూడు: కిక్ ('దుమ్' అనే పెద్ద డ్రమ్ము) ఎక్కడ పడుతోంది, స్నేర్ ('టప్' అనే పదునైన డ్రమ్ము) లేదా క్లాప్ (చప్పట్ల శబ్దం) ఎక్కడ పడుతోంది, వాటి మధ్య బేస్ (కింది స్థాయి స్వరం) ఏం చేస్తోంది. వేగం వీటి తర్వాతే.

ముందు వినే ఏర్పాటు సరిచేసుకోవాలి. ఫోన్ స్పీకర్‌లో కింది బేస్ దాదాపు వినపడదు, దాంతో డబ్‌స్టెప్ కూడా ట్రాప్‌లా అనిపిస్తుంది. వైరు ఇయర్‌ఫోన్ చాలు. 128 కేబీపీఎస్‌కి కుదించిన ఎంపీ3లో హై-హ్యాట్లు (సన్నని తాళాల శబ్దం) నలిగిపోయి ఒకటే సొదలా వస్తాయి కాబట్టి 320ది దొరికితే అదే వాడండి. ట్రాక్ మొదలు విని తేల్చేయకండి. వేగమంటే నిమిషానికి పడే దెబ్బల లెక్క, నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్. 128 వేగంలో 32 బార్లంటే సరిగ్గా ఒక నిమిషం. చాలా ట్రాక్‌లలో మొదటి నిమిషం మిక్సింగ్ కోసం ఉంచిన ఉత్త డ్రమ్ములే. ఊపు పెంచే బిల్డప్ ముగిసి, అసలు దరువు విరుచుకుపడే డ్రాప్ చోటికి జరిపి, అక్కడ ఎనిమిది బార్లు వినండి.

వేగం కోసం 30 సెకన్లలో దెబ్బలు లెక్కపెట్టి రెండింతలు చేయండి. 64 వస్తే 128, 70 వస్తే 140, 87 వస్తే 174.

ఇప్పుడు అసలు పనిముట్టు. ఒక్కో దెబ్బను నాలుగు భాగాలు చేసి 'త-క-ధి-మి' అని నోటితో చెప్పుకోండి. ఒక బార్‌కి నాలుగు తకధిములు, అంటే 16 స్థానాలు. రోలాండ్ కంపెనీ టీఆర్-808, టీఆర్-909 డ్రమ్ మెషీన్ల మీద వరుసగా ఉండే 16 బటన్లు కూడా ఇవే. ఈ సంగీతంలో చాలా భాగం ఆ బటన్ల మీదే పుట్టింది కాబట్టి లెక్క చక్కగా అతుకుతుంది.

హౌస్ నుంచి మొదలుపెడదాం. 1980ల మొదట్లో షికాగోలో, ఫ్రాంకీ నకుల్స్ లాంటి డీజేల చేతుల్లో రూపం తీసుకుంది. ప్రతి 'త' మీదా కిక్, రెండో నాలుగో దెబ్బల మీద క్లాప్, ప్రతి 'ధి' మీదా తెరిచిన హై-హ్యాట్ 'చ్‌స్' అని వస్తుంది. వేగం ఎక్కువగా 118 నుంచి 128. 'క', 'మి' స్థానాలు కొద్దిగా ఆలస్యంగా పడతాయి. ఆ ఊగు వల్లే హౌస్‌కి నడుము కదులుతుంది. లోపలి రకాల్లో డీప్ హౌస్ అంటే మెత్తని కిక్, సెవెంత్, నైన్త్ కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు). బిగ్ రూమ్ అంటే స్నేర్ రోల్ అంతకంతకూ చిక్కబడి, డ్రాప్ పడగానే పెద్ద కిక్కూ ఒకే ఒక్క సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) లైనూ మిగిలి, మిగతాదంతా ఖాళీ అవడం. ఎలక్ట్రో హౌస్‌లో ఆ ఖాళీ ఉండదు, గరగరలాడే బేస్ దాన్ని నింపేస్తుంది.

టెక్నో డెట్రాయిట్‌ది. 1980ల నడుమ హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ దానికి పునాది వేశారు. దీంట్లోనూ ప్రతి 'త' మీదా కిక్ ఉండటం వల్లే హౌస్‌తో కలిపేసుకుంటారు. తేడా పట్టడానికి మూడు చూడండి. ఊగు ఉండదు, 16 స్థానాలూ గీత గీసినట్టు సమానంగా పడతాయి. రెండు, నాలుగు మీద క్లాప్ ఉండొచ్చు, లేకపోవచ్చు. హౌస్‌లో అది లేకపోతే వెలితిగా ఉంటుంది, టెక్నోలో తెలియను కూడా తెలియదు. మూడోది కిక్‌కీ కిక్‌కీ మధ్య కింద నుంచి వచ్చే గుమ్మని మూలుగు. కిక్‌కే రివర్బ్ (ప్రతిధ్వని) పెట్టి, పై స్థాయి శబ్దం కోసేసి తయారుచేస్తారు దాన్ని. విడివిడి స్వరాలుగా వినపడదు. పాట, పల్లవి అనేవి అరుదు. నాలుగు నిమిషాల్లో ఒక శబ్దం మెల్లగా విచ్చుకోవడమే అక్కడ కథ. హౌస్ ఊగూ, టెక్నో పొదుపూ కలిసి, 124 నుంచి 128 మధ్య ఒక చిన్న గొంతు ముక్క పదేపదే వస్తుంటే అది టెక్ హౌస్. ఈ సరిహద్దులో అనుభవం ఉన్నవాళ్లు కూడా వాదించుకుంటారు, కాబట్టి తేలకపోతే టెక్ హౌస్‌లో వేసి ముందుకు పోండి.

ఏ రకంలోనైనా జారుతూ, పిండుతున్నట్టు 'వీయావ్ వీయావ్' అనే సింథ్ వినిపిస్తే దాని ముందు ఆసిడ్ అని చేర్చండి. అది టీబీ-303 అనే రోలాండ్ బేస్ యంత్రం. ఫిల్టర్ మీట తిప్పుతుంటే వచ్చే శబ్దం. షికాగోలో ఫ్యూచర్ అనే బృందం 1987లో దీనితో ఆసిడ్ హౌస్‌కి దారి తీసింది. దానికి ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఇదే 303నీ 808నీ పెట్టి పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువుకి కట్టి రికార్డు వేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం చెవులు రిక్కించింది. మన దేశపు డీజేలు ఆ రికార్డును తప్పక వినాలి.

ట్రాన్స్, సైట్రాన్స్ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. రెండింటికీ కిక్ 'త' మీదే, రెండూ 130 పైన. తేడా అంతా బేస్‌లో ఉంది. మామూలు ట్రాన్స్‌లో బేస్ తరచుగా ఒక్క 'ధి' మీద గట్టిగా పడుతుంది: దుమ్-బా, దుమ్-బా. సైట్రాన్స్‌లో 'త' కిక్‌కి వదిలేసి 'క, ధి, మి' మూడింటి మీదా బేస్ పడుతుంది: దుమ్-బబబ, దుమ్-బబబ. గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది. ఇది వినిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు. వేగం సాధారణంగా 138 నుంచి 150. మూలం గోవా తీరాల్లో ఉంది. ట్రాన్స్‌ది 1990ల మొదటి జర్మనీ. మధ్యలో కిక్ ఆగిపోయి, తీగల్లాంటి సింథ్‌లు పైకి లేచి, ఒక నిమిషం దాకా రాగం మీదే నడిచే విరామం దాని గుర్తు. ఆ వెడల్పాటి సింథ్ శబ్దాన్ని సూపర్‌సా అంటారు. కొద్దికొద్దిగా శ్రుతి తప్పించిన ఏడు అలలు కలిసి వచ్చేది. ఒకటి జాగ్రత్త: సూపర్‌సా ఇప్పుడు అన్ని రకాల్లోనూ వాడుతున్నారు. అది విని ట్రాన్స్ అనేయకండి, బేస్ చూడండి.

సైట్రాన్స్‌ని మూసిన కల్యాణ మండపంలో వేస్తే ఎందుకు ముద్దయిపోతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. 145 వేగంలో ఒక్కో స్థానానికి సెకనులో పదో వంతే సమయం. ఒక బేస్ స్వరం గోడల మధ్య చల్లారేలోపే ఇంకోటి వచ్చి పడుతుంది. 'ధి' మీద ఒక్కటే పడే ట్రాన్స్‌కి నాలుగింతల గడువు దొరుకుతుంది. మండపంలో ట్రాన్స్, ఆరుబయట సైట్రాన్స్ పెట్టుకోండి.

150 దాటి కిక్కే చిరిగిపోయినట్టు మోగుతూ, దాని తోక స్వరం పలుకుతుంటే అది హార్డ్‌స్టైల్. నెదర్లాండ్స్ సరుకు. ఇంకా వేగంగా, 160 పైన అదే మోత ఉంటే గాబర్.

ఇంతవరకూ ప్రతి దెబ్బకీ కిక్ ఉంది. స్నేర్ బార్‌కి ఒక్కసారే, మూడో దెబ్బ మీద పడితే మీరు హాఫ్ టైమ్‌లోకి వచ్చారు. డబ్‌స్టెప్, ట్రాప్ రెండూ 140 దగ్గరే, రెంటికీ స్నేర్ మూడు మీదే. హై-హ్యాట్ వినండి. తకధిమి నడుస్తూ ఉండగా మధ్యలో తకిట-తకిట అని ముక్కలై గలగలా పరుగెడితే ట్రాప్. దాని బేస్ 808 కిక్‌ని సాగదీసింది, పొడుగ్గా కింద నుంచి జారుతుంది. హై-హ్యాట్ సాదాగా ఉండి, బేస్ మాత్రం 'వబ్ వబ్ వబ్' అని నోరు తెరిచి మూసినట్టు ఊగుతుంటే డబ్‌స్టెప్. 2000ల మొదట్లో దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ చుట్టూ ఎదిగింది. అదే మూడో దెబ్బ స్నేర్, కానీ బేస్ బదులు కార్డులే ఉబ్బి తగ్గుతూ వెలుగుగా వినిపిస్తే ఫ్యూచర్ బేస్.

విరిగిన దరువుల్లో డ్రమ్ అండ్ బేస్‌ని పట్టడం తేలిక. కిక్ మొదటి 'త' మీద, మళ్లీ మూడో దెబ్బ 'ధి' మీద. స్నేర్ రెండు, నాలుగు మీద. వేగం 174 దగ్గర. విచిత్రమేమిటంటే లండన్ టూ-స్టెప్ గరాజ్‌కీ ఎముకల గూడు చాలాసార్లు ఇదే. కానీ అది 130 దగ్గర నడుస్తుంది, హై-హ్యాట్లు బాగా ఊగుతాయి. జంగిల్ అయితే ఈ నమూనా కూడా నిలవదు. 1969లో విన్‌స్టన్స్ బృందం రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్ ముక్కను కోసి, తిప్పి, మళ్లీ అతికించి వాడతారు, కాబట్టి ప్రతి బార్‌లోనూ స్నేర్ కొత్తచోట పడుతుంది.

ఊరేగింపులకు పనికొచ్చేది మూంబాటన్. 2009లో వాషింగ్టన్ డీజే డేవ్ నాడా ఒక డచ్ హౌస్ రికార్డును 108కి తగ్గించి వేయడంతో మొదలైంది. కిక్ ప్రతి 'త' మీదే, స్నేర్ మాత్రం మొదటి దెబ్బ 'మి', రెండో దెబ్బ 'ధి', మూడో దెబ్బ 'మి', నాలుగో దెబ్బ 'ధి' మీద పడుతుంది. ఈ వేగానికి నడుస్తూ ఎగరొచ్చు. కర్నూలు వినాయక ఘాట్ దాకా సాగే బండి మీద 150 హార్డ్‌స్టైల్ వేస్తే పిల్లలు పావుగంటకే అలిసిపోతారు. డ్రమ్ అండ్ బేస్ 174 అని భయపడక్కర్లేదు, కాళ్లు అందులో సగానికే, 87కే పడతాయి.

సాఫ్ట్‌వేర్ చూపించే వేగాన్ని నమ్మే ముందు ఇదే గుర్తుంచుకోండి. వర్చువల్ డీజే, రెకార్డ్‌బాక్స్ లాంటివి 174ని 87 అనీ, 140ని 70 అనీ చూపించడం మామూలే. తీన్‌మార్, చెక్కభజన దరువు కలిపిన రీమిక్స్‌లలో తకిట నడక ఉండటంతో ఒకటిన్నర రెట్లు కూడా తప్పుతాయి. నోటితో తకిట అంటే అతుకుతోందా, తకధిమి అంటే అతుకుతోందా అని చూసి, చేత్తో ట్యాప్ చేసి సరిదిద్దండి.

తెలుగు పాట రీమిక్స్‌ల మీద ఉండే పేర్లను అస్సలు నమ్మకండి. 'ట్రాన్స్ మిక్స్' అని రాసిన ఫైల్‌లో మూడో దెబ్బ మీద స్నేర్ ఉంటే అది ట్రాన్స్ కాదు. గొంతు ఆగి దరువు ఒక్కటే నడిచే చోటు వెతికి, అక్కడ తేల్చండి. 'ప్రోగ్రెసివ్ హౌస్' పేరుతోనూ చిక్కే. 1990లలో అది మెల్లగా, పొడుగ్గా విచ్చుకునే చీకటి సంగీతం. 2010 తర్వాత పెద్ద పండగ వేదికల మీద చేతులెత్తి పాడే పాటలకీ అదే పేరు పెట్టారు. రెండు ఫోల్డర్లు చేసుకుని, ఫైల్ పేరు ముందు వేగమూ స్నేర్ చోటూ రాసి పెట్టుకోండి: '140, స్నేర్ 3, ట్రాప్' అని.