ఫీజు కంటే ముందు మెడికల్

పైలట్ కావాలని కొబ్బరితోట తాకట్టు పెట్టి ఫ్లయింగ్ స్కూలుకు డబ్బు కట్టేయకండి. ముందు డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన డాక్టరు దగ్గర క్లాస్ 2, ఆపైన ఆ సంస్థ గుర్తించిన కేంద్రంలో క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్షలు) తేల్చుకోండి. కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ 1 తప్పనిసరి.

రంగుల లోపం చాలామందికి అక్కడే బయటపడుతుంది. అంతకుముందే అమలాపురంలోనో భీమవరంలోనో కంటి డాక్టరు దగ్గర, పగటి వెలుతురులో రంగు చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా పుస్తకం చూడండి. చుక్కల్లో 74 బదులు 21 కనిపిస్తే ఎరుపు-ఆకుపచ్చల లోపాన్ని అనుమానించాలి. ఆ పుస్తకంలోని ప్లేట్లు (చుక్కల బొమ్మలు) బట్టీ పట్టకండి, రంగు లెన్సులతో గట్టెక్కాలని చూడకండి. రాత్రిపూట ఎదుటి విమానం ఎటు పోతోందో చెప్పేవి రెక్కల చివర ఎరుపు, ఆకుపచ్చ దీపాలే.

అన్‌ఫిట్ అన్నారా? తాత్కాలికమో శాశ్వతమో కాగితంలో చూడండి. బీపీ లాంటిదైతే అదుపులోకి తెచ్చుకుని, స్పెషలిస్టు రిపోర్టులతో మళ్లీ వెళ్లొచ్చు. శాశ్వతమైతే అప్పీలుకు వీలుంది. పాత రిపోర్టు ఒక్కటీ పారేయకండి.