హాస్పిటల్ జనరేటర్‌ని ఉత్తినే తిప్పకండి, లోడ్ మీద తిప్పండి
చిన్న నర్సింగ్ హోముల్లో చాలామంది వారానికోసారి జనరేటర్ ఆన్ చేసి అయిదు నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపేస్తారు, అది టెస్ట్ కానే కాదండి. లోడ్ (అంటే కరెంటు వాడుకునే పరికరాలు) లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, సైలెన్సర్ దగ్గర నల్లగా జిడ్డు కారడం మొదలవుతుంది, దాన్నే వెట్ స్టాకింగ్ అంటారు. నెలకోసారైనా కెపాసిటీలో కనీసం 30 శాతం లోడ్ పెట్టి 30 నిమిషాలు నడపండి, ఆపే ముందు లోడ్ తీసేసి కాసేపు చల్లారనివ్వండి.

స్టార్ట్ చేసేముందు ఆయిలు, కూలెంటు చూడండి (వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తియ్యొద్దు). డీజిల్‌లోంచి నీళ్ళని వేరుచేసే వాటర్ సెపరేటర్ డ్రెయిన్ వదిలి గాజు సీసాలో పట్టండి, నీళ్ళుంటే అడుగున విడిగా కనిపిస్తాయి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి, వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

ఎక్కువసార్లు మొండికేసేది మాత్రం బ్యాటరీయే. 12 వోల్టులది ఫుల్ చార్జ్ మీద 12.6 చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే మార్చేయండి, ఇక్కడ డబ్బులు చూసుకోవద్దు ప్లీజ్.

జనరేటర్ అందుకునేదాకా ఆ కొన్ని సెకన్లు వెంటిలేటర్‌కి యూపీఎస్ ఉండాల్సిందే. లోడ్ ఇచ్చేటప్పుడు ముందు ఐసీయూ, ఓటీ, వ్యాక్సిన్ ఫ్రిజ్, ఏసీలు ఆ తర్వాతే. ఆటోమేటిక్‌గా మారకపోతే, మెయిన్ కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ చేత్తో ఎలా మార్చాలో నైట్ డ్యూటీ వాళ్ళందరికీ ఒక్కసారైనా చేయించి చూపించండి.