ఫ్రీస్టైల్‌లో టైమ్ ఎందుకు తగ్గడం లేదు? లక్షణం నుంచి పరిష్కారం దాకా

హైదరాబాద్‌లో ఏ పూల్‌కి వెళ్లి ఫ్రీస్టైల్ కష్టంగా ఉందని చెప్పినా, ముందుగా వచ్చే సలహా "స్టామినా పెంచుకోండి" అనే. రెండు లెంగ్తులకే (లెంగ్తు అంటే పూల్ ఒక చివర నుంచి ఇంకో చివరికి) ఆయాసం వచ్చినా, కాళ్లు మునిగిపోతున్నా, నెలల తరబడి టైమ్ కదలకపోయినా అదే మాట. విన్నవాళ్లు మర్నాటి నుంచి ఇంకో పది లెంగ్తులు ఎక్కువ కొడతారు. తప్పుగా పడే చెయ్యి ఆ పది లెంగ్తులూ తప్పుగానే పడుతుంది, ఆ తప్పు ఇంకాస్త గట్టిపడుతుంది. స్టామినా నిజంగా తక్కువగా ఉన్నవాళ్లూ ఉంటారు. కానీ ఆ మాట కొలిచాక చెప్పాలి, చూసి కాదు.

కొలవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్, గట్టు మీద నిలబడే ఒక మనిషి, ఒక నోట్‌బుక్ చాలు. ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్ని స్ట్రోకులు పడ్డాయి (అంటే చేతులు ఎన్నిసార్లు వేశారు), ఆగిన వెంటనే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది - ఈ మూడూ రాసుకుంటే కింద చెప్పే సమస్యల్లో మీది ఏదో చాలావరకు తేలిపోతుంది.

మా అపార్ట్‌మెంట్ పూల్‌లో వచ్చే టైమ్ పెద్ద పూల్‌లో రావడం లేదు

కొండాపూర్, మియాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అపార్ట్‌మెంట్ పూల్స్ చాలావరకు 25 మీటర్లు ఉండవు. 15 మీటర్లవీ, 18 మీటర్లవీ, ఒక పక్క వంపు తిరిగినవీ కనిపిస్తాయి. వాచ్‌లో మాత్రం 25 అని సెట్ చేసి ఉంటుంది. కాబట్టి వాచ్ చూపించే 1000 మీటర్లలో నిజంగా ఈదింది ఏడొందలే కావచ్చు.

మీరు ఈదే లైన్ వెంట గోడ నుంచి గోడకి టేపుతో కొలవండి. పొడవాటి టేపు రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఆ కొలతనే వాచ్‌లో పెట్టండి.

పొడవు సరిగ్గా 25 ఉన్నా తేడా వస్తుంది, అది సహజం. 400 మీటర్లకి 25 మీటర్ల పూల్‌లో 15 సార్లు తిరుగుతాం, గచ్చిబౌలి ఆక్వాటిక్స్ కాంప్లెక్స్‌లో ఉన్నలాంటి 50 మీటర్ల పూల్‌లో 7 సార్లే. గోడను తన్ని గ్లైడ్ అయ్యే వేగం మనం ఈదే వేగం కంటే ఎక్కువ. అందుకే టర్న్ బాగా వచ్చినవాళ్లకి చిన్న పూల్‌లో టైమ్ తక్కువ పడుతుంది. గోడ పట్టుకుని రెండు సార్లు ఊపిరి పీల్చుకుని బయల్దేరేవాళ్లకి ప్రతి టర్నూ ఒక చిన్న విశ్రాంతి, పెద్ద పూల్‌లో అది సగానికి సగం పోతుంది. చిన్న పూల్ రికార్డులు ఒక పేజీలో, పెద్ద పూల్‌వి ఇంకో పేజీలో రాసుకోండి. రెండింటినీ పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

50 మీటర్లు హాయిగా వెళ్తాను, 100కి ఊపిరి ఆడదు

దీనికి కారణాలు రెండు. ఏది మీదో తెలుసుకోవడానికి 100 మీటర్లు ఈదుతూ ప్రతి 25కి పట్టిన టైమ్‌ని గట్టు మీద మనిషి చేత రాయించండి.

మొదటి 25కి 24 సెకన్లు, చివరి 25కి 36 సెకన్లు పట్టిందనుకోండి. అంటే మొదట్లోనే ఎక్కువ వేగంతో వెళ్లారు. నీటి సాంద్రత గాలికి దాదాపు 800 రెట్లు. పైగా వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. మొదటి లెంగ్తులో ఆదా చేసిన మూడు సెకన్లకి చివరి లెంగ్తులో పది సెకన్లు కట్టాల్సి వచ్చేది అందుకే. పరిష్కారం: 4 సార్లు 100 మీటర్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. ప్రతి 100లోనూ రెండో 50 మొదటి దానికి సమానంగానో, ఒక సెకను తక్కువగానో రావాలి. మొదటి 25 మరీ నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అనిపించనివ్వండి. రెండు వారాల్లో శరీరానికి ఆ వేగం అలవాటవుతుంది.

అలా కాక నాలుగు 25లూ దాదాపు సమానంగా ఉండి, అయినా ఊపిరి ఆడకపోతే చూడాల్సింది ఊపిరి వదలడాన్ని. తల నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పైకి తిప్పినప్పుడు ఆ అరసెకనులోనే వదిలి పీల్చాలని చూస్తారు చాలామంది. వదలడానికే టైమ్ సరిపోదు, పీల్చడం సగంలో ఆగుతుంది. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరి కోసం ఆరాటం పుట్టేది ప్రధానంగా ఆ పేరుకున్న గాలి వల్లే, ఆక్సిజన్ అయిపోయి కాదు. ఇలాంటివాళ్లని ఇంకో పది లెంగ్తులు కొట్టమనడం అన్యాయం.

దీనికి ఛాతీ లోతు నీళ్లలో నిలబడి మునిగి లేవడం మంచి మందు. మునిగిన క్షణం నుంచి ముక్కుతో, నోటితో బుడగలు ఆగకుండా రావాలి, లేవగానే పీల్చడం ఒక్కటే మిగలాలి. ఇరవై సార్లు అయ్యాక అదే లయతో ఒక లెంగ్తు నెమ్మదిగా ఈదండి. తలని పైకి ఎత్తొద్దు, భుజంతో పాటు పక్కకి తిప్పండి. ఒక కంటి గాగుల్ నీళ్లలోనే ఉండాలి. రోజూ సెషన్ మొదట్లో ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి.

కాళ్లు మునిగిపోతున్నాయి

తొడల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే ఫోమ్ ముక్క) పెట్టుకుని 100 మీటర్లు, అది తీసేసి ఇంకో 100 మీటర్లు అదే శ్రమతో ఈదండి. పుల్ బాయ్‌తో ఐదారు సెకన్లో అంతకంటే ఎక్కువో వేగంగా వస్తే మీ కాళ్లు లంగరులా వెనక్కి లాగుతున్నాయన్నమాట. తేడా లేకపోతే, లేదా పుల్ బాయ్‌తో నెమ్మదైతే, శరీరం బాగానే తేలుతోంది, ఈ సమస్యను వదిలేసి తర్వాతి దానికి వెళ్లొచ్చు.

ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, ఎముకా కండా ఎక్కువున్న కాళ్లు కిందికి దిగుతాయి. ఎదురుగోడను చూడాలని తల ఎత్తితే నడుము ఇంకా దిగుతుంది. చూపు సరిగ్గా కిందికి, పూల్ అడుగున ఉన్న నల్ల గీత మీద ఉంచండి. ఎవరైనా గుద్దుకుంటారేమోనన్న భయంతో తల ఎత్తేవాళ్లు ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపుల రద్దీలో ఆ భయం న్యాయమైనదే. అలాంటప్పుడు లేన్‌లో కుడి పక్కగా, అందరూ ఒకే వరసలో తిరిగేలా ముందే మాట్లాడుకోండి.

తల సరిచేశాక కూడా కాళ్లు దిగుతుంటే కిక్ చూడాలి. కిక్ బోర్డు పట్టుకుని 25 మీటర్లు కాళ్లతో మాత్రమే వెళ్లండి. ఉన్నచోటే ఉండిపోతే, సైకిల్ తొక్కినట్టు మోకాలు బాగా మడుస్తున్నారు లేదా చీలమండలు బిగుసుకుపోయి ఉన్నాయి. పెద్దయ్యాక ఈత నేర్చుకున్నవాళ్లలో, ముఖ్యంగా పరుగు పందేల నుంచి ఇటు వచ్చినవాళ్లలో ఈ రెండోది బాగా కనిపిస్తుంది. కిక్ తొడ దగ్గర మొదలవ్వాలి, మోకాలు కొద్దిగానే వంగాలి, పాదం వెనక్కి చాచి వదులుగా ఉండాలి. చీలమండలకి వజ్రాసనంలో రోజూ ఒకటి రెండు నిమిషాలు కూర్చోవడం బాగా పనిచేస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం అది మానేసి, పొట్టి ఫిన్స్‌తో (పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలు) కిక్ సాధన చేయడం మేలు.

చేతులు ఎంత ఆడించినా ముందుకు పోవడం లేదు

25 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయో లెక్కపెట్టండి. ఒక్కో చెయ్యి పడ్డప్పుడల్లా ఒకటి. దానికి ఆ లెంగ్తుకి పట్టిన సెకన్లు కలపండి. వాచీల్లో స్వోల్ఫ్ అని కనిపించే అంకె ఇదే. 22 స్ట్రోకులు, 28 సెకన్లు అయితే స్వోల్ఫ్ 50. ఇది మనిషి ఎత్తును బట్టి, పూల్ పొడవును బట్టి మారుతుంది కాబట్టి పక్కవాళ్ల అంకెతో పోల్చొద్దు. నిన్నటి మీతో ఈనాటి మిమ్మల్ని పోల్చడానికే ఇది పనికొస్తుంది.

స్ట్రోకులు ఎక్కువ పడుతుంటే సాధారణంగా తప్పు మోచేతి దగ్గర ఉంటుంది. నీళ్లలోకి వెళ్లిన చెయ్యి వెనక్కి లాగేటప్పుడు మోచెయ్యి ముందే జారి కిందికి దిగుతుంది, అరచెయ్యి నీటిని పట్టకుండా కోసుకుంటూ వెళ్లిపోతుంది. పిడికిలి బిగించి ఒక లెంగ్తు ఈదండి. అరచెయ్యి లేనప్పుడు ముంజేతితోనే నీటిని నెట్టక తప్పదు, మోచెయ్యి దానంతటదే పైన నిలబడుతుంది. వెంటనే పిడికిలి విప్పి ఇంకో లెంగ్తు. ఆ తేడా చేతికి తెలుస్తుంది.

రెండో కారణం చెయ్యి తలకి అడ్డంగా అవతలి పక్కకి దాటి పడటం. నడుము పాములా మెలికలు తిరుగుతుంటే ఇదే. కుడిచెయ్యి కుడి భుజానికి ఎదురుగా, ఎడమచెయ్యి ఎడమ భుజానికి ఎదురుగా పడాలి. ఇది మీకు నీళ్లలో తెలియదు. ఎవరి చేతనైనా ఎదురుగా నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించండి. పిల్లలున్న బ్యాచ్‌లో తీసేటప్పుడు ముందు కోచ్‌ని అడగండి.

స్ట్రోకులు తగ్గించాలన్న పట్టుదలలో చెయ్యి ముందు చాచి ఆగిపోవడం కూడా మంచిది కాదు. స్ట్రోకులు తగ్గి సెకన్లు పెరిగాయంటే లాభం లేదు.

టైమ్ నెలల తరబడి అక్కడే ఆగిపోయింది

రోజూ పొద్దున అవే 40 లెంగ్తులు, అదే వేగం. నోట్‌బుక్ తెరిస్తే కారణం అక్కడే ఉంటుంది. శరీరం ఆ పనికి అలవాటు పడింది, కొత్తగా మారాల్సిన అవసరం దానికి లేదు. ఇక్కడ క్రిటికల్ స్విమ్ స్పీడ్ అనే పరీక్ష చాలా ఉపయోగపడుతుంది. నా మటుకు సరదాగా ఈదేవాళ్లకి కూడా ఇది తప్పనిసరి.

బాగా వార్మప్ చేసి, డైవ్ లేకుండా గోడ తన్ని బయల్దేరి 400 మీటర్లు మీకు చేతనైనంత వేగంగా, సమానంగా ఈదండి. పది పదిహేను నిమిషాలు తేలిగ్గా ఈదుతూ కోలుకోండి. తర్వాత 200 మీటర్లు అలాగే. గంట బ్యాచ్‌లో ఇది సరిపోతుంది, ఖాళీ లేన్ ఒక్కటే సమస్య. వారం మధ్యలో, రద్దీ తక్కువున్న బ్యాచ్‌లో అడిగితే దొరుకుతుంది.

400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి, వచ్చినదాన్ని సగం చేయండి. అలసిపోకుండా చాలాసేపు నిలబెట్టగల మీ 100 మీటర్ల వేగం అది.

ఇద్దరిని చూద్దాం. ఒకరికి 200 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లు, 400 మీటర్లు 9 నిమిషాలు. తేడా 285 సెకన్లు, సగం అంటే 100కి 2 నిమిషాల 22.5 సెకన్లు. ఇంకొకరికి 200కి 4 నిమిషాల 25, 400కి 9 నిమిషాల 5. తేడా 280, సగం 2 నిమిషాల 20. రెండూ నెమ్మదిగా ఈదిన మనిషికే నిలకడ వేగం మెరుగ్గా ఉంది! మొదటివారికి వేగం ఉంది, నిలకడ లేదు. "స్టామినా పెంచుకోండి" అనే మాట ఈయనకి సరిపోతుంది. అయితే ఒక జాగ్రత్త: 400లో మొదటి 100 దూసుకెళ్లి చివర్లో చతికిలపడితే ఈ లెక్క పాడవుతుంది, మళ్లీ పెట్టాలి.

నిలకడ కావాల్సినవాళ్లు వారానికి రెండు రోజులు 8 సార్లు 100 మీటర్లు ఆ వేగంతో, మధ్యలో 15 నుంచి 20 సెకన్ల విరామంతో చేయాలి. వేగం కావాల్సినవాళ్లు 12 సార్లు 25 మీటర్లు గట్టిగా, ప్రతిదానికీ 40 సెకన్ల పైన విరామంతో. ఇక్కడ విరామం తగ్గిస్తే అది వేగం సాధన కాకుండా పోతుంది. మిగతా రోజులు నిజంగా తేలిగ్గా ఈదాలి. ఆరు వారాలకి అదే పూల్‌లో, అదే వేళకి మళ్లీ పరీక్ష పెట్టండి.

గుండె వేగాన్ని ఆగిన వెంటనే మెడ దగ్గర 10 సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేయండి. చేతి వాచ్ నీళ్లలో తరచూ తప్పు చూపిస్తుంది. నీళ్లలో పడుకుని ఈదుతాం కాబట్టి పరుగులో కంటే సుమారు పది తక్కువగా రావడం మామూలే. అదే వేగానికి వారం వారం ఆ అంకె తగ్గుతుంటే, టైమ్ కదలకపోయినా మీరు మెరుగవుతున్నట్టే.

ప్రాక్టీస్‌లో వచ్చిన టైమ్ పోటీలో రాలేదు

గ్యాలరీలో ఫోన్ స్టాప్‌వాచ్‌తో కూర్చునే అమ్మానాన్నలకి ఇది. ముందు రెండు 50లనూ విడిగా చూడండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా స్విమ్మర్ పాన్ ఝాన్‌లే 100 మీటర్లు 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి 50కి 22.28, రెండో 50కి 24.12 పట్టింది. డైవ్ వల్ల కలిసొచ్చేదాన్ని కూడా లెక్కేసుకుంటే తేడా రెండు సెకన్ల లోపే. మీ పాపకి ఆ తేడా ఏడెనిమిది సెకన్లుంటే భయం వల్లో ఉత్సాహం వల్లో మొదట్లోనే బలమంతా పెట్టేసింది. పోటీకి ముందు వారాల్లో డైవ్‌తో 100 మీటర్లు, మొదటి 50కి ముందే చెప్పిన టైమ్‌తో నాలుగైదు సార్లు చేయిస్తే చాలావరకు సరవుతుంది.

పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ఇంకో సంగతి ఉంది. ఒక్కసారిగా ఎత్తు పెరిగినప్పుడు చేతులూ కాళ్లూ పాత లయకి లొంగవు, కొన్ని నెలలు టైమ్ పెరుగుతుంది కూడా. అదే వయసులో ముందే ఎదిగిన పిల్లతో పోల్చి తిడితే ఈత మానేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ నెలల్లో ఎత్తును కూడా నోట్‌బుక్‌లో రాయండి, టైమ్ బదులు స్ట్రోక్ శుభ్రంగా పడుతోందా అని కోచ్‌ని అడగండి.

భుజం నొప్పి

బొటనవేలు ముందుగా నీళ్లలోకి దిగడం, చెయ్యి అడ్డంగా దాటడం, ఎప్పుడూ ఒకే పక్కకి ఊపిరి తీయడం, ఒక్క వారంలో దూరం రెట్టింపు చేయడం, ప్యాడిల్స్ (అరచేతులకి తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు) వాడటం - వీటిలో ఒకటో రెండో ఉంటాయి. ప్యాడిల్స్ వెంటనే ఆపండి, దూరం సగానికి తగ్గించండి, మధ్యవేళ్లు ముందుగా దిగేలా చెయ్యి వేయండి, మూడు స్ట్రోకులకోసారి రెండు పక్కలా ఊపిరి తీయండి. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా, వారం విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కో స్పోర్ట్స్ ఫిజియోకో చూపించండి. నొప్పి మాత్ర వేసుకుని పూల్‌లో దిగొద్దు.

పిక్క పట్టేస్తోంది

గోడ పట్టుకుని మోకాలు చాచి, పాదాన్ని మీ వైపు లాగండి. గోడ తన్నినప్పుడే పట్టేస్తుంటే వేళ్లు బిగించి కిక్ కొడుతున్నారేమో చూసుకోండి. డిసెంబరు, జనవరి ఉదయాల చల్లటి నీళ్లలో వార్మప్ లేకుండా దిగినా ఇదే జరుగుతుంది. వేసవిలో పూల్‌లో కూడా చెమట పడుతుంది, తెలియదు అంతే. కాబట్టి గట్టు మీద నీళ్ల సీసా ఉంచుకుని సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు గుక్కలు తాగండి.